ఉట్టికాయ

"ఏడ్చి తీస్కరా" అని పంపింది మా నాయనమ్మ గంగి, దుకాణానికి పోయి ఉప్పు తెమ్మన్నంత మామూలుగా. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మా తండాల్లో ఆడవాళ్లు చాలా కాలానికి కలిస్తే ముందు మాటలుండవు. మెడ మీద పడాలి, రాగం తీయాలి, పేరు పెట్టి పిలుచుకుంటూ ఏడవాలి, నువ్వు లేనప్పుడు ఫలానా ఎద్దు చచ్చింది, ఫలానా ఇంట్లో బిడ్డ పుట్టింది, నాకు జ్వరమొస్తే నువ్వే గుర్తొచ్చావు అని జరిగినదంతా ఆ ఏడుపులోనే చెప్పాలి, ఒకరు ఆపినచోట ఇంకొకరు అందుకోవాలి, అదయ్యాకే మంచినీళ్లు, అదయ్యాకే బాగున్నావా. ఎదురుపడి కూడా ఏడవలేదంటే వాళ్ల మధ్య పొత్తు తెగిపోయినట్టే. అందుకే కేసముద్రం స్టేషన్‌లో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాను, ఉమ కోసం. ఉమ మా చిన్నాన్న లింగ్యా కూతురు, నాకంటే రెండేళ్లు చిన్నది, భూపాలపల్లిలో బొగ్గుబావి క్వార్టర్లలో కాపురం. పొద్దున బస్సెక్కి వరంగల్ వచ్చి అక్కడ ప్యాసింజర్ ఎక్కిందట. రైలు నలభై నిమిషాలు లేటని ఇందాకే మూడు భాషల్లో చెప్పారు. రెండేళ్లయింది దాన్ని చూసి, చూడటమంటే ఎదురుగా చూసి, ఫోన్‌లో అయితే రోజుకు ముప్పైసార్లు చూశాను. ఇప్పుడు ఏడవాలి. ఏడుపు వస్తుందో రాదో నాకే తెలియదు, అది దిగగానే ముందు దాని చేతికి ఏ గాజులున్నాయో చూస్తానేమో, నా కళ్ల సంగతి నాకు తెలుసు.

ఫోన్ ఒళ్లోనే ఉంది. చూడను అనుకుంటూనే ఉన్నాను, బొటనవేలు దానంతట అదే పోతుంది, వీడియోల యాప్ తెరుస్తుంది, పై వరసలో మొదటి గుండ్రం దగ్గర ఆగుతుంది, అక్కడ ఉమ మొహం ఉండేది, పదకొండు రోజులుగా లేదు, ఆ చోట్లో ఎవరో బిర్యానీ వండేవాడు వచ్చి కూర్చున్నాడు. అయినా వేలు అక్కడికే పోతుంది. ఈ వేలికి మొదటి కణుపు దగ్గర నొప్పి పట్టుకుంది, పత్తి తీస్తే రావాల్సిన నొప్పి కాదు ఇది, పత్తి తీసేవాళ్లకు గోళ్ల పక్కన చీరుకుపోతుంది. నాకు చీరుకుపోయి చాన్నాళ్లయింది. సాలులో నా పక్క మొదలుపెట్టినవాళ్లు చివరికి పోయి తిరిగి వస్తుంటే నేను ఇంకా సగంలోనే ఉంటాను, ఒడి సగం నింపి చెట్ల మధ్య కూర్చుని ఉమ ఏం పెట్టిందో చూస్తుంటాను. మిరప తోటకు నీళ్లు పెట్టమంటే మోటారు వేసి గట్టున కూర్చున్నాను ఒకసారి, ఉమ క్వార్టర్‌లో కొత్త పరదాలు కడుతున్న వీడియో, అది ఒకటి అయితే ఇంకొకటి, తల ఎత్తేసరికి నీళ్లు మా చేను దాటి పక్కవాళ్ల చేనులోకి పోయాయి. నా భర్త హరిలాల్ తిట్టే మనిషి కాదు. గడప మీద కూర్చుని మాడిన అన్నం తింటూ అడిగాడు, "గా ఫోన్ల ఏముందే అనితా, గామె వండితే నీ కడుపు నిండుతదా?" అని. నిండదు. మండుతుంది. ఆ మంట లేకపోతే నాకు తోచదు, ఆ సంగతి మనిషికి ఎట్లా చెప్తాను.

అసలు నిప్పు అంటుకున్నది నాయనమ్మ బట్టల దగ్గర. అద్దాలు, గవ్వలు, వెండి పూసలు కుట్టిన ఆమె పేటియా లంగా, కాంచళి రవిక, పైన కప్పుకునే టుక్రి, మూడూ ఆమె పెళ్లినాటివి, చేతికుట్టు. నేను ఇంటర్ చదివేటప్పుడు మహబూబాబాద్‌లో కాలేజీ పండుగకు అవి కట్టుకుని రమ్మని మా మేడం అడిగింది, కట్టుకుని పోయాను, అద్దాల సప్పుడు వింటూ వెనక వరసలో ఆడపిల్లలు ముక్కు మూసుకుని నవ్వారు, ఒకతి నా మాటను వెక్కిరించింది. ఇంటికొచ్చి అవన్నీ విప్పి నాయనమ్మ ముందు పడేశాను, ఈ గుడ్డలు ఎవరు కడతారు, నువ్వే కట్టుకో అన్నాను. ఆమె ఒక్కొక్కటి మడత పెట్టి ఇనుప పెట్టెలో పెట్టింది. నాలుగేళ్లకు ఉమ పెళ్లయింది, పెళ్లికూతురుగా ఉమ అవే కట్టుకుంది, సాగనంపేటప్పుడు ఒక్కొక్కరి మెడ మీద పడి ఢావ్లో పాడింది. ఢావ్లో అంటే మా పెళ్లికూతురి ఏడుపు పాట, అది పాడటం దానికి నేర్పింది నేను, ఇదే కేసముద్రం మార్కెట్‌కు పత్తి ట్రాక్టర్ మీద కూర్చుని వస్తూ, రాగం ఎక్కడ పైకి లేపాలో ఎక్కడ గొంతు విరవాలో దాని గడ్డం పట్టుకుని నేర్పించాను. ఉమ మొగుడు కల్యాణ్ దోస్తు ఎవడో ఆ ఏడుపును ఫోన్‌లో తీసి పెట్టాడు. వారం తిరగకుండా నాలుగు లక్షల మంది చూశారు. నా రాగం, నేను విసిరిపడేసిన బట్టలు, మొహం మాత్రం ఉమది.

అప్పటి నుంచి అది భూపాలపల్లి ఉమ. క్వార్టర్ ముందు జామచెట్టు కింద ఆ పేటియా కట్టుకుని జొన్నరొట్టె చేస్తుంది, లక్ష. బావి నుంచి వచ్చిన కల్యాణ్ మొహం మీది బొగ్గు మసిని టుక్రి కొంగుతో తుడుస్తుంది, మూడు లక్షలు. నేనైతే సబ్బు పెట్టి కడుక్కోమంటాను, అద్దాల గుడ్డతో ఎవరైనా మసి తుడుస్తారా, కానీ చూసేవాళ్లకు అదే ముద్దు. జనగామలో బట్టల దుకాణం తెరుస్తూ దీన్ని పిలిచారు. పాలకుర్తిలో మా ఆడబిడ్డ ఇంటికి పోతూ జనగామ చౌరస్తాలో దిగితే నెత్తి మీద ఇంత పెద్ద ఫ్లెక్సీ, మా నాయనమ్మ కాంచళి, మా నాయనమ్మ వెండి, మధ్యలో ఇది చేతులు జోడించి నవ్వుతోంది. ఎండలో నిలబడి ఆ ఫ్లెక్సీని ఎంతసేపు చూశానో, పాలకుర్తి ఆటో వెళ్లిపోయింది, ఇంకో ఆటో నిండి అదీ వెళ్లిపోయింది. ఫ్లెక్సీని ఫోటో కూడా తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానని అడిగితే చెప్పలేను, పుండును గోకే చెయ్యి లాంటిది అది.

జామపళ్ల గంప పక్కన పెట్టుకుని సారమ్మ నా బెంచీ చివర కూర్చుంది. ఈ స్టేషన్‌లో ఆమె ఎప్పటి నుంచో పళ్లమ్ముతుంది, మా తండా పక్క ఊరే, ఆదివారం ప్రార్థనకు పోయేదారిలో మా ఇంటి ముందు నుంచే పోతుంది. ఎవరికోసమని అడిగింది. చెల్లె వస్తోందన్నాను. "ఉమనా? గా వీడియోల పిల్ల? అయ్యో, మంచిగుంటది బిడ్డ, మా కోడలు రోజు జూస్తది. ఇప్పుడు అస్తలేదట గద ఫోన్ల? ఎవరో దిష్టి పెట్టిన్రు" అని ఒక కాయ తీసి నా చేతిలో పెట్టింది, వద్దంటే వినలేదు. నేను లోలోపలే నవ్వుకున్నాను, దిష్టి అట, దిష్టికి పేరుంటుందా అత్తా, దిష్టి వచ్చి నీ పక్కనే కూర్చుంటుందా. తరువాత సారమ్మ నన్ను పరీక్షగా చూసి, "నువ్వు సుత చేస్తవు గద వీడియోలు, మా కోడలు చెప్పింది" అంది. చేస్తాను. చేసేదాన్ని. కాయ కొరికాను, మాట్లాడే పని తప్పుతుందని.

పదకొండు వీడియోలు చేశాను నేను. ఫోన్‌లో ఆర్డర్ పెట్టి తెప్పించాను, పేటియా లాంటిదే, అద్దాలు ప్లాస్టిక్‌వి, గవ్వలు గమ్‌తో అంటించినవి, రెండుసార్లు తిరిగితే రాలిపోయాయి. పత్తి చేనులో నిలబడి హరిలాల్‌తో తీయించాను, అతనికి తీయడం రాదు, నా తల సగం కోసేశాడు, మళ్లీ తీయమంటే విసుక్కోకుండా మళ్లీ తీశాడు. నలభై మూడు మంది చూశారు. ఆ నలభై మూడులో ఎన్ని నావో నాకు తెలుసు, తెరిచి మూసి తెరిచి మూసి నేనే చూశాను. ఒక్కటంటే ఒక్క కామెంట్ వచ్చింది, అది ఉమది. "సూపర్ బాయీ" అని, పక్కన ఎర్ర గుండె. బాయి అంటే మా భాషలో అక్క. ప్రేమతోనే పెట్టింది, ఇప్పుడు అనిపిస్తుంది ప్రేమతోనే అని, ఆనాడు మాత్రం నిండు విస్తరి ముందు కూర్చున్నది నా వైపు ఒక మెతుకు విసిరినట్టు అనిపించింది. ఎవరైనా తిట్టినా ఓర్చుకునేదాన్ని. ఆ గుండె చూసి ఒళ్లు భగ్గుమంది, ఫోన్ పత్తి ఒడిలో పడేశాను, అయినా గంటకోసారి ఒడి వెతికి ఇంకెవరైనా ఏమైనా పెట్టారేమో చూసుకున్నాను.

పసుపు గులాబీ ఆ తరువాత పుట్టింది. పేరు అదే, బొమ్మ కూడా పసుపు గులాబీయే, ఊరు లేదు, మొహం లేదు. ఊరికే పెట్టుకున్నాను, ఉమ వీడియోలు నా పేరుతో చూస్తే చూసినట్టు దానికి తెలుస్తుందేమో, దొంగచాటుగా చూద్దామని, అంతే. గులాబీ అయి చూస్తే నాకు కొంచెం నెమ్మదిగా ఉండేది, నేను అనిత కాదు, నాకు చెల్లె లేదు, ఎవరినో చూస్తున్నాను. ఆ రోజుల్లోనే ఉమ ఫోన్ చేసింది. మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ గొంతు దించింది. "బాయీ, మూడో కడుపు సుత నిలవలే. దవాఖానల చూపిచ్చిన. అత్తకు చెప్పలే, ఒక్క కల్యాణ్‌కు తెల్సు, నీకు చెప్తున్న. ఎవ్వరికి చెప్పకు." చెప్పనన్నాను. ఏడ్చాను కూడా ఫోన్‌లో, నిజంగానే ఏడ్చాను, అబద్ధం కాదు. పెట్టేశాక కన్నీళ్లు తుడుచుకుంటుంటే లోపల ఎక్కడో, చెప్పడానికే నోరు రావడం లేదు, లోపల ఎక్కడో ఒక మూల చల్లబడింది, నాకు కూతురు అంజలి ఉంది, దానికి లేదు, అద్దాలు, లక్షలు, ఫ్లెక్సీలు అన్నీ ఉన్నాయి, అది మాత్రం లేదు. ఆ చల్లదనాన్ని నేను దాచుకున్నాను. రోజూ ఒకసారి తీసి చూసుకున్నాను.

తరువాత తొమ్మిది రోజులకు ఉమ జోల పాట పెట్టింది. నాయనమ్మ నన్ను పడుకోబెట్టిన జోల, నన్ను, నేనే పెద్దమనవరాలిని, ఉమ పుట్టక ముందు రెండేళ్లు ఆ జోల నా ఒక్కదానిదే. ఒట్టి ఊయల కట్టి, అందులో బట్ట మడిచి పెట్టి, మెల్లగా ఊపుతూ పాడింది, పాడుతూ ఒకచోట గొంతు విరిగింది, నేను నేర్పినచోటే విరిగింది. ఆరు లక్షలు. ఎందుకు పాడిందో తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే, కల్యాణ్ ఒకడు, నేనొకదాన్ని. దాన్ని చూస్తూ నాకు జాలి రావాల్సింది. ఇది దుఃఖాన్ని కూడా అమ్ముకుంటుందని కోపం వచ్చింది. నాకొస్తే నలభై మూడు, దీనికొస్తే ఏడుపు కూడా ఆరు లక్షలు. చేనులో నిలబడే గులాబీతో రాశాను, రెండు వాక్యాలు, ఆలోచించలేదు, వేలు రాసింది. "పైన అద్దాలు, లోపల ఉట్టికాయ. జోల పాడనీకె ముందుగాల బిడ్డ ఉండాలె గద."

పంపేశాక తుడిచేద్దామని వేలు పెట్టాను, అప్పటికే పద్నాలుగు లైకులు. పద్నాలుగు. నా బతుకులో నేను రాసినదానికి పద్నాలుగు మంది లైక్ పెట్టడం అదే మొదలు. కొంచెం ఆగుదామనుకున్నాను. అంజలికి అన్నం పెడుతూ చూశాను, నూట ఇరవై. కింద జనం మొదలుపెట్టారు, అవునవును మూడేళ్లయింది పిల్లలేరి అని ఒకరు, మా కాలనీలనే ఉంటది, గొడ్రాలు అని ఒకరు, నవ్వే బొమ్మలు, ఊయలలో గుడ్డ ఉందని గుండ్రం గీసి మరీ చూపించినవాళ్లు. వెయ్యి దాటాక తుడిచేస్తాను అనుకున్నాను. వెయ్యి దాటింది. రెండు వేలు కానీ అనుకున్నాను. ఆ రోజు పత్తి తీస్తుంటే చెట్టుకు చెట్టుకు మధ్య ఫోన్ చూశాను, పొంగిపోయాను, ఎవరికీ చెప్పుకోలేని పొంగు, పసుపు గులాబీని వేలమంది మెచ్చుకుంటున్నారు. మధ్యలో ఉమ ఫోన్ చేసింది, లైకులు చూస్తున్న తెర మీదికి దాని పేరు అడ్డంగా వచ్చింది, చేత్తో పక్కకు తోసేశాను. మళ్లీ చేసింది. ఐదుసార్లు చేసింది. ఐదుసార్లూ తోసేశాను. సాయంత్రం చూస్తే ఆ వీడియో లేదు, పొద్దుటికి ఉమే లేదు, పేరు కొడితే ఎవరూ లేరు అని వస్తోంది. అప్పుడు కూడా నాకు ముందుగా తోచింది నా రెండు వేల మూడు వందల లైకులు పోయాయే అని.

ఇప్పుడు సంచి సర్దుకుని వస్తోంది. పది రోజులకు వస్తోందో పూర్తిగా వస్తోందో ఎవరూ చెప్పలేదు. వాళ్ల అత్త ఆ కామెంట్లన్నీ ఎవరితోనో చదివించుకుని విన్నదట, మూడుసార్లు కడుపు పోయిన సంగతి అప్పుడు బయటపడిందట, కల్యాణ్ తల్లితో కొట్లాడి రెండు రోజులు డ్యూటీకి పోలేదట. నాయనమ్మకు ఈ ఫోన్ల సంగతి ఏం తెలుస్తుంది, ఆమెకు తెలిసింది ఒక్కటే. "దాని మన్సు ఇరిగింది. నాకు మోకాళ్లు లెవ్వయి, స్టేషన్ దాంక రాలేను. నువ్వే పో, దానికి నువ్వంటేనే పానం" అంది. అని నా కళ్లలోకి చూసింది. ఏమీ తెలియని చూపే అది. అయినా నేను చూపు తిప్పుకుని అంజలి జుట్టు దువ్వాను, దువ్విన జుట్టునే మళ్లీ దువ్వాను.

గోడ అవతల మార్కెట్ యార్డులో ట్రాక్టర్లు హారన్లు కొడుతున్నాయి, పత్తి దుమ్ము ఇక్కడిదాకా తేలి వస్తోంది. ఇద్దరు ఆడవాళ్లు ఖాళీ సంచులు చంకన పెట్టుకుని యార్డు నుంచి వచ్చి మా బెంచీ వెనక నిలబడ్డారు. ఒకామె గొంతు కోపంగా ఉంది. "సంచి గుమ్మరిచ్చి చూసి, సగం గుడ్డికాయలే ఏరుకొచ్చినవు అని వాపస్ తోలిండు" అంటోంది, రెండో ఆమె, "ఈ యేడు వానలకు అందరియి గుడ్డికాయలే అక్కా" అంటోంది. నేను జామకాయ కొరుకుతున్నదాన్ని ఆగిపోయాను. గుడ్డికాయ. అవును, గుడ్డికాయే. పైకి పచ్చగా నిండుగా కనిపించి, విప్పితే దూది లేని కాయను ఈ కేసముద్రంలో గుడ్డికాయ అంటారు, మా తండాలో గుడ్డికాయ అంటారు, పాలకుర్తిలో కూడా గుడ్డికాయే అంటారు. ఉట్టికాయ అని ఎవరంటారు? ఉమకు ఆరేళ్లప్పుడు, మొదటిసారి పత్తికి తీసుకుపోతే, ఆ పిల్లకు అప్పటికి తెలుగు సరిగ్గా రాదు, ఇంట్లో మా భాషే కదా, ఒక కాయ విప్పి చూసి, ఏమీ లేక, తెల్లమొహం వేసుకుని, "బాయీ, ఉట్టికాయ" అంది, ఒట్టి కాయ అనబోయి. నేను పడీపడీ నవ్వాను. అప్పటి నుంచి అది మా ఇద్దరి మాట. అలిగితే ఉట్టికాయ, గొప్పలు పోతే ఉట్టికాయ, దాని పెళ్లిలో పసుపు పూస్తూ కూడా చెవిలో నా ఉట్టికాయ అన్నాను. పెద్దవాళ్ల ముందు ఎప్పుడూ అనలేదు, ఇంకెవరికీ నేర్పలేదు. ఈ భూమ్మీద ఆ మాట అనేవాళ్లు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకరు ఉమ. మరి పసుపు గులాబీ ఎవరు?

జామకాయ చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి పట్టాల మీద పడింది. ఐదుసార్లు ఫోన్ చేసింది. కామెంట్ చూశాకే చేసింది. నాతో ఏడుద్దామని చేసిందో, నువ్వేనా అని అడుగుదామని చేసిందో, ఐదుసార్లు మోగి మోగి ఆగిపోతే అదే జవాబు అనుకుందో. పదకొండు రోజులుగా నేను దొరకలేదని అనుకుంటున్నాను, రాసిన రోజే సంతకం పెట్టి ఇచ్చాను. లేచి వెళ్లిపోదామా అనిపించింది, రైలు రాలేదని నాయనమ్మతో చెప్పొచ్చు, అంజలికి జ్వరమని చెప్పొచ్చు. లేవలేదు. సరే, చూద్దాం, అది దిగి నా మెడ మీద పడి ఏడిస్తే దానికి తెలియనట్టు. ఏడవకుండా నిలబడి, బాగున్నారా అని తెలుగులో, పరాయివాళ్లతో మాట్లాడినట్టు అంటే తెలిసినట్టు. రెండే దారులు. ఏడిస్తే బతికాను. ఇంత భయంలో కూడా చూడండి నా బుద్ధి, తండా అంతా ఇప్పుడు దాని చుట్టూ చేరుతుంది, కోడి కోస్తారు, నాయనమ్మ దాని తల ఒళ్లో పెట్టుకుంటుంది, దుఃఖంలో కూడా అదే ముందు అని ఒక పురుగు లోపల కదిలింది. ఆ పురుగును చూసి మొదటిసారి నాకు అసహ్యమేసింది. ఫోన్ తీసి పసుపు గులాబీని తీసేద్దామని తెరిచాను, నిజంగా తీసేయాలా అని అది అడిగింది, అంతలో గంట మోగింది.

రైలు వచ్చి ఆగింది. వెనక పెట్టెలోంచి దిగింది ఉమ. చేతులకు మామూలు మట్టిగాజులు, అవును, అవే ముందు చూశాను. నూలు చీర, ఎండిపోయిన మొహం, బుజాన ఒక సంచి, చేతిలో ఫోన్ లేదు. వీడియోల్లో ఉండే నిగనిగ ఏదీ లేదు, చిన్నప్పుడు జ్వరమొచ్చి లేచిన ఉమలా ఉంది. నన్ను చూసింది. నడిచి వచ్చింది. రెండు బారల దూరంలో ఆగి, సంచి కింద పెట్టింది. నిలబడింది. సారమ్మ గంప సర్దుకుంటూ మమ్మల్నే చూస్తోంది. ఆ నిలబడటం ఎంతసేపో, బాగున్నారా అంటుంది ఇప్పుడు, అంటుంది అనుకున్నాను. అప్పుడు ఉమ వచ్చి నా మెడ మీద పడింది. రెండు చేతులూ చుట్టి, నుదురు నా బుజానికి ఆనించి, రాగం లేపింది.

తెలియదు. ఉమకు తెలియదు. బతికాను. అది ఏడుస్తోంది మా భాషలో, నా బాయీ, నా కంచంలో తిన్న బాయీ, బొగ్గు దుమ్ము ఊరి నుంచి వచ్చిన, మూడుసార్లు కడుపు పోయినదాన్ని వచ్చిన, ఒట్టి ఊయల ఊపి ఊపి వచ్చిన, పిలిస్తే పలకని బాయీ కాడికే వచ్చిన, అని. రాగం నేను నేర్పినదే, ఎక్కడ లేవాలో అక్కడ లేస్తోంది. రైల్లోంచి దిగిన ఒక కాలేజీ అమ్మాయి మా ముందు ఆగింది, ఫోన్ ఎత్తి పట్టుకుంది, తీస్తోంది. ఉమ వీపు ఆమె వైపు ఉంది, నా మొహం ఆమె వైపు ఉంది. దేవుడి మీద ఒట్టు, నేను కావాలని చేయలేదు, నా చెయ్యి ఉమ వీపు మీది నుంచి లేచి, నా నుదుటి మీద పడిన జుట్టును చెవి వెనక్కు సర్దింది. గడ్డం కొంచెం ఎత్తాను కూడా.

అప్పుడే ఉమ రాగం దించింది. నోరు నా చెవికి ఆనించి, ఆ అమ్మాయికి వినపడకుండా, సారమ్మకు వినపడకుండా, మా భాష మధ్యలో ఒకే ఒక్క తెలుగు మాట పెట్టి ఏడ్చింది. "నా ఉట్టికాయా. నిన్నెవ్వరు ఇట్ల ఖాళీ చేసిన్రే, నా ఉట్టికాయా."

అక్కడ ఆపింది. చేతులు మాత్రం వదలలేదు. అది ఆపినచోట నేను అందుకోవాలి. ప్లాట్‌ఫారం మీద అందరూ చూస్తున్నారు, ఆ ఫోన్ ఇంకా లేచే ఉంది, ఉమ ఊపిరి నా మెడకు వేడిగా తగులుతోంది, అది ఎదురుచూస్తోంది. నోరు తెరిచాను. నాయనమ్మ దగ్గర ముందు నేర్చుకున్నదాన్ని నేను, ఉమకు నేర్పినదాన్ని నేను. ఒక్క రాగం గుర్తుకు రాలేదు. ఏడుపు మాత్రం వచ్చింది.